వార్షిక నివేదిక: కార్యవర్గం పనితీరు, బాధ్యతలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది జరిగిన కార్యక్రమాల వివరాలు, ఆడిట్ పూర్తయిన జమాఖర్చుల పట్టిక మీకు విడిగా అందాయి కనుక, ఈ నివేదికను కార్యవర్గం తన బాధ్యతలను ఎలా నిర్వహించిందన్న విషయానికే పరిమితం చేస్తున్నాను.

ఏడాది మొదట్లో కోశాధికారి అనారోగ్యం వల్ల కొన్ని వారాలు రాలేకపోయారు. ఓచర్ల ఫైలు ఎక్కడుందో, ఏ బిల్లు చెల్లించామో, ఏది బాకీ ఉందో ఆ రోజుల్లో మాలో ఎవరమూ చెప్పలేకపోయాం. ఇందులో ఆయన తప్పేమీ లేదు. లెక్కలు ఆయన చూసుకుంటారులే అని ఏళ్ల తరబడి ఊరుకున్నది మేమే. పద్దులు రాసేది కోశాధికారే అయినా, సంఘం సొమ్ముకు కార్యవర్గంలోని ప్రతి ఒక్కరూ జవాబుదారులే. అందుకే ఇకపై ప్రతి చెల్లింపుకూ ఇద్దరి సంతకాలు ఉండాలని తీర్మానించి, నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంటును పద్దులతో సరిచూసే పనిని సంతకాధికారం లేని ఒక సభ్యురాలికి అప్పగించాం. మూడో నెలలోనే, పద్దుల పుస్తకంలో ఒకే బిల్లు రెండుచోట్ల నమోదైన సంగతి ఆమె పట్టుకున్నారు.

సమావేశాల తీరు కూడా మారింది. మునుపు ముగ్గురు నలుగురే మాట్లాడేవారు, మిగతావారు తలూపేవారు. ఇప్పుడు ఎజెండా, దానికి సంబంధించిన కాగితాలు వారం ముందే అందరికీ చేరుతున్నాయి. అధ్యక్షులు తమ అభిప్రాయాన్ని చివరికి ఉంచుకుని, ముందుగా కొత్త సభ్యులను మాట్లాడమంటున్నారు. నా దృష్టిలో ఈ ఏడాది మాకు అన్నిటికంటే మేలు చేసిన మార్పు ఇదే. మినిట్స్ (సమావేశ వివరాల నమోదు) విషయంలో నేనూ పద్ధతి మార్చుకున్నాను: ఎవరేమన్నారో పేజీల కొద్దీ రాయడం మాని, తీర్మానం, దాని బాధ్యులు, గడువు, భిన్నాభిప్రాయం ఉంటే అదీ నమోదు చేస్తున్నాను.

ఒక పనికి వచ్చిన కొటేషన్లలో ఒకటి కార్యవర్గ సభ్యుడి బంధువుది. ఆయన ఆ సంగతి తానే ముందుగా చెప్పి, చర్చ, ఓటింగు ముగిసేదాకా గది బయట ఉన్నారు. ఆయన లేకపోయినా కోరం (నిర్ణయానికి ఉండవలసిన కనీస హాజరు) సరిపోయిందని చూసుకుని, ఆ వివరాలన్నీ మినిట్స్‌లో రాశాం. మనలో ఒకరినొకరం అనుమానిస్తున్నామన్న అపోహకు తావు లేకుండా, ఇలాంటి బంధుత్వాలను, సొంత ప్రయోజనాలను ప్రతి ఏడాదీ రాతపూర్వకంగా వెల్లడించే పద్ధతిని అందరికీ వర్తింపజేశాం.

కార్యక్రమాల రోజువారీ నిర్వహణలో తలదూర్చకుండా ఉండటంలో మాత్రం మేమింకా వెనకబడే ఉన్నాం. లక్ష్యం, బడ్జెట్ నిర్ణయించి, ఫలితాన్ని సమీక్షించవలసిన మేము, కుర్చీలు ఎలా వేయాలన్న దానిపై స్వచ్ఛంద కార్యకర్తలతో వాదించిన సందర్భాలున్నాయి.

ఒకే పదవిలో వరుసగా రెండు పర్యాయాలకు మించి ఎవరూ కొనసాగకూడదన్న నియమావళి సవరణ రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ ముందుకు వస్తుంది. ఆమోదం పొందితే ముందుగా తప్పుకోవలసింది నేనే. నా తర్వాత వచ్చేవారికి అప్పగించవలసిన ఫైళ్ల జాబితా ఇప్పటికే సిద్ధం చేశాను. పోటీ చేయదలచినవారు నామినేషన్‌కు ముందు కార్యవర్గ సమావేశాలకు పరిశీలకులుగా రావచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి