బొగ్గు ఆగిన చోట పండుగ చేసేముందు

సంపాదకులకు,

బొగ్గు గనులు మూతపడ్డ ప్రాంతాల్లో కళోత్సవాలు జరపాలన్న మాట ఎక్కడ వినిపించినా మాకు సంతోషమే. కానీ చర్చ ఎవరిని పిలవాలి, ఎంతవుతుంది అన్న దగ్గరే ఆగిపోతోంది. పాత గని నేల మామూలు మైదానం కాదు. అక్కడికి వచ్చే ప్రేక్షకుల అవసరాలూ వేరు.

మూసేసిన షాఫ్టు (గనిలోకి నిలువుగా దిగే బావి) మీద కాంక్రీటు మూత ఉన్నా, లోపల నింపిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూ ఉండొచ్చు. వేదికనూ జనరేటరునూ దాని మీద పెట్టకూడదు. గని ప్లాన్లు తెప్పించి, తక్కువ లోతులో తవ్వకాలు ఎక్కడ జరిగాయో నేల మీద సున్నంతో గీయించాలి. బొగ్గు కలిసిన రాతి దిబ్బల మీద గుంజలు పాతొద్దు. ఆ కన్నాల గుండా గాలి లోపలికి పోతే మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోవచ్చు. పందిరిని నీటి ట్యాంకులకు కట్టండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు.

ఎక్కువమంది మరిచేది గాలి సంగతి. వాన ముసురుకొచ్చి వాతావరణ పీడనం పడిపోతే పాత గని లోపలి గాలిని బయటికి వదులుతుంది. అందులో మీథేన్ ఉండొచ్చు, ఆక్సిజన్ తగ్గిన బరువైన గాలీ ఉండొచ్చు. ఈ రెండోది పల్లాల్లో, కిటికీల్లేని గదుల్లో నిలిచిపోతుంది. దేనికీ వాసన ఉండదు. పాత ల్యాంప్ రూములో (కార్మికుల దీపాలు ఉంచిన గదిలో) నాటకం వేసేవారు గ్యాస్ డిటెక్టరు పట్టిన మనిషిని ఆట ముగిసేదాకా ఉంచాలి. పొద్దున ఒకసారి చూసి వెళ్లిపోతే చాలదు.

డ్రిల్లుల మోతలో ఏళ్లు గడిపినవారిలో చాలామందికి ముందుగా పోయేది సన్నని, పైస్థాయి శబ్దాల వినికిడి. స, త, క లాంటి హల్లులు చెవిన పడవు. స్పీకరు పెంచితే మోత పెరుగుతుందే తప్ప మాట తెలియదు. సంభాషణలు తెర మీద అక్షరాల్లో కూడా రావాలి. ఊపిరితిత్తుల్లో ధూళి చేరినవారు వస్తారు కాబట్టి పొగ యంత్రాలు, రంగు పొడులు వద్దు.

జర్మనీలోని రూర్ ప్రాంతంలో 2010 మేలో 300కు పైగా పాత షాఫ్టుల చోట పసుపు బెలూన్లను 80 మీటర్ల ఎత్తుకు ఎగరేశారు. ఏ గని ఎక్కడుండేదో తల ఎత్తిన ప్రతివారికీ తెలిసింది. ఇంత సూటిగా చెప్పిన కళారూపం మాకు మరొకటి తోచదు. అనుసరించేవారు ఒకటి గమనించాలి: ఘనమీటరు హీలియం ఎత్తేది సుమారు కిలో బరువే. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది, తాడు వాలిపోతుంది, బెలూన్ కరెంటు తీగల వైపు దిగుతుంది. ఎంత గాలికి దించాలో ముందే రాసుకుని, ఆ నిర్ణయం ఒక్కరికే అప్పగించాలి.

ఇంగ్లండులోని డరమ్ గని కార్మికుల జాతర 1871లో మొదలైంది. ఆ బొగ్గు క్షేత్రంలో చివరి భూగర్భ గని 1993లో మూతపడింది. జాతర మాత్రం ఇప్పటికీ జూలైలో జరుగుతోంది. గని పోయినా ఊరేగింపులో నడిచే ఊరి బ్యానరు, ఊరి బ్యాండు పోలేదు గనుక అది నిలిచిందని మా నమ్మకం. పెద్ద బ్యానరుకు కర్రలు పట్టేవారు ఇద్దరైతే, ముందూ వెనకా తాళ్లు పట్టేవారూ కావాలి. తాడు వదిలితే గుడ్డ తెరచాపలా లాగేస్తుంది. రంగులు వేసిన పట్టును మడిస్తే మడత వెంట రంగు పగులుతుంది. గొట్టానికి చుట్టి దాచాలి.

ఒక్క రాత్రి కోసం బయటి తారకు ఇచ్చే సొమ్ముతో ఇలాంటివి పుట్టవు. ఉత్సవ కమిటీలు బ్యానరు కుట్టే చోటుకు, బ్యాండు సాధన చేసే గదికి పన్నెండు నెలల అద్దెను బడ్జెట్లో మొదటి పద్దుగా రాయాలని కోరుతున్నాం. పెద్ద వేదిక ఖర్చు ఆ తర్వాతే.

ఇట్లు,
గని భద్రత, వేదిక ఏర్పాట్ల పనుల్లో ఉన్న కొందరు పాఠకులు