ఆ గుట్ట మీదికి నక్షబాట ఉంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ గుట్టల మీద వచ్చిన వ్యాసాన్ని మా కోడలు ఫోన్‌లో చూపిస్తే చదివాను. నాది కాజీపేట. రైల్వేలో ట్రాక్ పనులు చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం మాంచెస్టర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీరు వేసిన మొదటి ఫొటో మాంచెస్టర్‌కి దగ్గర్లో ఉన్న మామ్ టోర్ అనే గుట్టది. ఆ గుట్టకు ఈ వేసవిలో రెండుసార్లు వెళ్లాను కాబట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది.

ఫొటోలకు వంక పెట్టలేం. కారు ఎక్కడ పెట్టాలో పోస్ట్‌కోడ్‌తో సహా ఇచ్చారు, ఏ మూల నిలబడితే ఫొటో బాగా పడుతుందో కూడా చెప్పారు. ఆ దారి ఎవరి పొలంలోంచి పోతుంది, మనల్ని ఎందుకు పోనిస్తున్నారు, పోయినప్పుడు ఎట్లా మెలగాలి అన్నది మాత్రం ఒక్క వాక్యం లేదు. ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు వారమంతా కాలేజీ, పార్ట్‌టైం డ్యూటీలు చేసుకుని, ఆదివారం నలుగురు కలిసి కారు మాట్లాడుకుని వచ్చేది ఇలాంటి చోట్లకే. వాళ్లు చూసుకునేది కూడా మీరు రాసినలాంటి వ్యాసాలే.

మొదటిసారి మేమూ కారులోనే వెళ్లాం. పది దాటేసరికే గుట్ట కింద పార్కింగ్ నిండిపోయింది. రోడ్డుకి రెండు వైపులా గడ్డి మీదికి చక్రాలు ఎక్కించి కార్లు వరస కట్టాయి. మా వెంట వచ్చిన అబ్బాయి కూడా ఒక గేటు ముందు ఖాళీ కనిపించిందని బండి పెట్టేశాడు. "ఐదు నిమిషాలే అంకుల్, ఫొటో దిగి వచ్చేద్దాం" అన్నాడు. ఐదు నిమిషాలు గంటన్నర అయింది. తిరిగి వచ్చేసరికి గేటు అవతల ట్రాక్టర్ ఆగి ఉంది. దాని మీద ఒక పెద్దాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. బండి తీసేదాకా మా వైపు చూడనైనా లేదు. తిడితేనే నయమనిపించింది. మన ఊళ్లో పొలం మలుపు దగ్గర ఎవడో పట్నం వాడు కారు అడ్డం పెట్టి పోతే మనమైతే ఊరుకుంటామా?

అదే రోజు ఇంకో సంగతి జరిగింది. మావాళ్లు ముక్కలు కాల్చుకుందామని అల్యూమినియం ట్రేలో బొగ్గుల పొయ్యి తెచ్చారు. దారిన పోయే ఒకావిడ ఆగి, ఇక్కడ నిప్పు పెట్టకండి, కింద ఉన్నది పీట్ అని చెప్పింది. వేల ఏళ్లుగా కుళ్లిన నాచు, గడ్డి పేరుకున్న నల్లమట్టి అది. ఈ పరగణాలో ఎత్తయిన బీళ్ల మీద ఎక్కడ చూసినా అదే. అంటుకుంటే మంట పైకి కనబడకుండా లోలోపల రోజుల తరబడి రాజుకుంటుంది. 2018లో మాంచెస్టర్ పక్కనే ఉన్న శాడిల్‌వర్త్ మూర్ తగలబడితే ఆర్పడానికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. ఆవిడ చెప్పేదాకా మాలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మీ వ్యాసంలో ఉంటే తెలిసేది.

రెండోసారి మా అబ్బాయి, నేను రైల్లో వెళ్లాం. నాకు సుఖంగా ఉన్నది అదే. పికడిల్లీ స్టేషన్ నుంచి షెఫీల్డ్ పోయే స్లో రైలెక్కితే ముప్పావు గంటకు ఈడేల్ అనే పల్లె. స్టేషన్ వచ్చే ముందు రెండు మైళ్లకు పైబడిన కౌబర్న్ సొరంగం ఉంటుంది, 1894లో తెరిచిన లైను. చీకట్లోంచి బయటపడగానే పచ్చటి లోయ. టికెట్ డబ్బులు ఒక్క ఆ మలుపుకే గిట్టిపోయాయి.

స్టేషన్ బయట మా అబ్బాయి నారింజ రంగు అట్ట ఉన్న మ్యాపు విప్పాడు. ఇక్కడి సర్కారు మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లది, కిలోమీటరుకి నాలుగు సెంటీమీటర్ల లెక్క. పొలాల మధ్యలోంచి ఆకుపచ్చ గీతలు తుంపులు తుంపులుగా పోతున్నాయి. ఇవేంట్రా అంటే, "ఫుట్‌పాత్‌లు నాన్నా, పొలం రైతుదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ" అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది. ఇది మన నక్షబాటే. కృష్ణా, గుంటూరు వైపు డొంక అంటారు, గోదావరి వాళ్లు పుంత అంటారు. ఊరి నక్షలో ఉన్న బాటను ఎవరూ కలుపుకోవడానికి లేదని మన దగ్గరా అంటారు. అయినా ఏటా ఒక సాలు లోపలికి దున్నుతారు, పదేళ్లకు బండి పోయే బాట గట్టు అవుతుంది. ఇక్కడ దారుల నక్షను మన జిల్లా పరిషత్ లాంటి కౌంటీ కౌన్సిల్ ఉంచాలి. అందులో దారి ఎక్కిందంటే ఇక వాదన లేదు. చేను మధ్యలోంచి పోయే దారిని విత్తనం కోసం దున్నుకోవచ్చు గానీ 14 రోజుల్లో మళ్లీ నడిచేలా చేసి ఇవ్వాలి. నక్షకు ఎక్కని దారి అయినా, జనం ఎవరూ అడ్డుపెట్టకుండా 20 ఏళ్లు నడిచారని రుజువైతే హక్కు పుట్టినట్టే లెక్క. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి దారులు సుమారు 2.25 లక్షల కిలోమీటర్లు.

రైతు గేటు మీదే పసుపు బాణం కొట్టి ఉంటుంది, అంటే కాలిబాట. నీలం బాణం ఉంటే గుర్రాలు, సైకిళ్లు కూడా పోవచ్చు. కొన్ని చోట్ల చిన్న గేటు ఒక గుండ్రటి కంచెలో అటూ ఇటూ ఊగుతుంది. మనిషి ఒక మూలకు ఒదిగి, గేటును వెనక్కి తోసి, రెండో వైపు నుంచి బయటపడాలి. మనిషి దాటగలడు, గొర్రె దాటలేదు. నేను మూడోసారికి గానీ ఆ కిటుకు పట్టలేదు.

మేం ఎక్కింది హాలిన్స్ క్రాస్ అనే కనుమకు. అక్కడి నుంచి రాతి పలకలు పరిచిన బాట గట్టు వెంబడే మామ్ టోర్ పైకి పోతుంది. ఈ కనుమ దారి షికారు కోసం పుట్టింది కాదు. ఈడేల్‌లో చర్చి లేని రోజుల్లో శవపేటికలు భుజాల మీద ఇటుగా దాటించేవాళ్లు. తర్వాత గుట్ట అవతల ఉన్న కాసిల్‌టన్ ఊరి ఆడవాళ్లు ఈడేల్ నూలు మిల్లులో పనికి ఈ గుట్ట దాటే నడిచి వచ్చేవాళ్లు. ఎక్కుతుంటే నా మోకాళ్లు మొరాయించాయి, పేటిక మోసినవాళ్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

పైన గాలి చెవుల్లో హోరుమంటుంది. ఒక పక్క ఈడేల్ లోయ, ఒక పక్క కాసిల్‌టన్. నడుమ సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా ఉంటుంది, మీ ఫొటోలో అది కనపడలేదు! దిగేటప్పుడు పాత రోడ్డు మీదుగా వచ్చాం. గుట్టలో ఇసుకరాయి, పలకమట్టి పొరలు పొరలుగా ఉండి జారుతూనే ఉంటుంది, అందుకే దీనికి వణికే గుట్ట అని ఇంకో పేరు. బాగు చేసీ చేసీ విసిగి 1979లో ఆ రోడ్డు మూసేశారు. తారు విరిగి మెట్లలా కుంగింది, నడిమి తెల్లగీత ఒక చోట తెగి కింద ఇంకో చోట తేలుతుంది. విరిగిన అంచు దగ్గర వంగి చూస్తే తారు మీద తారు, కంకర మీద కంకర. రైల్వేలో కట్ట జారిన ప్రతిసారీ పైన ఇంకింత పోసి సర్దినవాణ్ణి కదా, ఆ పొరల ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఉత్తరాన కనబడే నల్లటి పీఠభూమి కిండర్ స్కౌట్. గ్రౌస్ పిట్టలను వేటాడే దొరల కోసం దాన్ని కాపలా పెట్టి మూసేశారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ కార్మికులు వందల మంది కావాలనే దాని మీదికి నడిచారు. ముందుండి నడిపించిన బెన్నీ రాత్‌మన్‌కి అప్పుడు ఇరవై ఏళ్లు. ఐదుగురిని జైల్లో వేశారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది, 1951లో ఈ గుట్టలున్న పీక్ డిస్ట్రిక్టే బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. 2000 చట్టంతో కొండలు, బీళ్ల మీద బాట వదిలి తిరిగే హక్కు కూడా దొరికింది, అయితే అది ఇంగ్లండ్ నేలలో దాదాపు ఎనిమిది శాతం మీదనే. మిగతా చోట బాట పట్టుకునే పోవాలి. అంతా బంగారం అని నేను చెప్పను, కానీ ఉన్నదాని కోసం జైలుకి పోయినవాళ్లు ఉన్నారు. మనం పోయి గేటు తెరిచి వదిలేస్తే ఎట్లా?

కాబట్టి నా మనవి ఇదే. ఇలాంటి వ్యాసం వేసినప్పుడు పోస్ట్‌కోడ్ పక్కనే రైల్వే స్టేషన్ పేరు వేయండి. తీసిన గేటు మూసి పోవాలని, గొర్రెలు ఈనే రోజుల్లో కుక్కను పట్టుకుని నడవాలని, నిప్పు పెట్టొద్దని వేయండి. చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది. దారి తప్పినా కాలు విరిగినా 999కి ఫోన్ చేసి, ముందు పోలీసును, తర్వాత గుట్టల్లో చిక్కినవాళ్లను కాపాడే మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేది వాలంటీర్లు, పైసా తీసుకోరు. ఈ సంగతి మా అబ్బాయికే తెలియదు, ఇక కొత్తగా వచ్చిన పిల్లలకి ఎవరు చెబుతారు?

చివరగా, వ్యాసంలో మామ్ టోర్ ఎత్తు 517 అడుగులని పడింది. అది 517 మీటర్లు, అంటే దగ్గర దగ్గర 1,700 అడుగులు. సవరణ వేయగలరు. 517 అడుగులే అనుకుని మా బావమరిది చెప్పులతో వస్తానంటున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాజీపేట (ప్రస్తుతం మాంచెస్టర్)