అరికాళ్ళ మంటకు 'సర్దుకుపోండి' అనడం వైద్యం కాదు

సంపాదకుల వారికి,

షుగర్ వస్తే ఏం తినాలి, ఎంత నడవాలి అని మన పత్రికల్లో బోలెడు వస్తుంది, కళ్ళు, కిడ్నీల గురించీ వస్తుంది. నరాలు దెబ్బతిని రాత్రంతా అరికాళ్ళు మండిపోయేవాళ్ళ గోడు మాత్రం ఎక్కడో రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది.

మా నాన్నగారిది ఈ బాధే. దుప్పటి అంచు తగిలినా కాలు లాక్కుంటారు, అర్ధరాత్రి లేచి బాత్రూంలో తడి గచ్చు మీద పాదాలు ఆనించి నిలబడతారు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్ర వేసుకుంటే పగలంతా మత్తు, తూలుడు, మానేస్తే మళ్ళీ మంట. డాక్టర్లను అడిగితే 'షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మామూలేనండీ, సర్దుకుపోవాలి' అంటారు.

మందులకు లొంగని ఈ నొప్పికి వెన్నుపాము స్టిమ్యులేషన్ అని ఒక చికిత్స ఉందన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమే వెతుక్కుని తెలుసుకున్నాం. వెన్నెముక లోపల, వెన్నుపామును కప్పిన పొరకు బయట సన్నని తీగలు పెట్టి, చర్మం కింద అమర్చిన చిన్న బ్యాటరీ పరికరంతో స్వల్పంగా కరెంటు పంపుతారు, దాంతో మెదడుకు చేరే నొప్పి సంకేతాలు తగ్గుతాయి. 1967లో మొదలైన పద్ధతే ఇది. షుగర్ నరాల నొప్పికి దీన్ని వాడేందుకు, మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది మాత్రం 2021లో. అక్కడ 216 మందిపై జరిగిన ట్రయల్‌లో, మందులతో పాటు ఈ పరికరం పెట్టినవాళ్ళలో 79 శాతం మందికి మూడు నెలలకల్లా నొప్పి కనీసం సగం తగ్గింది, నరాల పరిస్థితీ దిగజారలేదు. మందులతోనే సరిపెట్టుకున్నవాళ్ళలో అలా జరిగింది 5 శాతం మందికే. చికిత్స జరిగిందన్న నమ్మకంతోనే ఎంత నొప్పి తగ్గిందో తేల్చేలా, కరెంటు పంపని డమ్మీ పరికరంతో పోల్చి చూడలేదు కాబట్టి ఈ అంకెల్ని కాస్త తగ్గించి చదువుకోవాలి, అది నిజమే, కానీ తేడా చిన్నదేం కాదు.

ఇది షుగర్‌ను తగ్గించదు, అందరికీ పనికిరాదు, ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ భయం షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. అందుకే ముందు కొన్నాళ్ళు తాత్కాలికంగా తీగలు పెట్టి, నొప్పి బాగా తగ్గితేనే లోపల పరికరం అమరుస్తారు. ఇవన్నీ విన్నాక వద్దనుకునే హక్కు రోగికి ఉంది, అసలు చెప్పకుండా దాచే హక్కు ఎవరికీ లేదు.

దయచేసి మీ ఆరోగ్యం పేజీలో పెయిన్ స్పెషలిస్టుతో దీని లాభనష్టాలు రెండూ వివరంగా రాయించండి. మందులు పనిచేయని రోగిని కనీసం ఒక్కసారైనా పెయిన్ క్లినిక్‌కి పంపమని షుగర్ డాక్టర్లనూ కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఏలూరు