వరి ఎప్పుడు ఈనుతుందో రైతుకు ముందే చెప్పించండి

రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో చెరువు కింద వరి పెట్టే రైతును. చెరువులోకి నీళ్లు చేరాకే మేం నారు పోస్తాం. ఒక ఏడు ఆగస్టు, ఇంకో ఏడు అక్టోబరు. విత్తనం ఇచ్చేచోట మాత్రం ఇది 120 రోజులకు కోతకొచ్చేది, అది 150 రోజులకు అని చెప్పి పంపిస్తారు. ఎప్పుడు పోస్తే ఎప్పుడు ఈనుతుందో చెప్పరు.

మాకు కావలసింది ఆ ఈనిక తేదీ, అంటే వెన్ను (గింజలు పట్టే కంకి) బయటికొచ్చే రోజు. ఈనాక ఏ రకమైనా దాదాపు నెల రోజులకు కోతకొస్తుంది. రకానికీ రకానికీ ఉన్న తేడా అంతా అంతకుముందే. ఈనిన వెన్నులో ఒక్కో పువ్వు తెరుచుకునేది పగటిపూట గంటసేపు. నవంబరు ముసురులో ఆ గంట వానపాలైతే పుప్పొడి నిలవదు. తర్వాత చూస్తే వెన్ను వంగదు, గింజను గోటితో నొక్కితే పాలు రావు. అంతా తాలే.

దీని వెనక సంగతి శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. వరి ఆకు పగటి నిడివిని పసిగడుతుంది. పగలు తగ్గేకొద్దీ ఆకులో హెచ్‌డీ3ఏ అనే జన్యువు ఒక ప్రోటీను తయారుచేయిస్తుంది. అది కాండం కొనకు చేరాక అక్కడ వెన్ను మొదలవుతుంది. జపాన్ వాళ్లు 2007లో దీన్ని చూపించారు. హెచ్‌డీ1 అనే ఇంకో జన్యువు చిన్న పగళ్లలో ఈనికను తొందరపెడుతుంది, పెద్ద పగళ్లలో ఆపుతుంది. 2008లో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించిన జీహెచ్‌డీ7 అనే జన్యువు పెద్ద పగళ్లలో ఈనికను వెనక్కి నెట్టినా వెన్నుకు గింజలు పెంచుతుంది. అందుకే తొందరగా ఈనేదల్లా మేలైన రకం అనుకోలేం.

పగటిని పట్టించుకునే రకాన్ని ఆలస్యంగా పోస్తే పిలకలు సరిగా రాకముందే ఈనేస్తుంది. పట్టించుకోనిది పోసిన రోజును బట్టి ఈనుతుంది, అది ముసురులో పడ్డా సరే. ఏది ఏ కోవదో మాకెవరూ చెప్పలేదు.

2025 మేలో కేంద్రం ప్రకటించిన కమల, సాంబ మసూరికి జన్యు సవరణ చేసి తెచ్చిన రకం. సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. సంతోషం. ఆ 20 రోజులు మా పూతను వాన నుంచి తప్పిస్తాయో, తెచ్చి వానలోనే పెడతాయో ఇక్కడ పోసి చూస్తేనే తెలుస్తుంది.

తిరుపతిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. ఇక్కడ పండించే ప్రతి రకాన్నీ జూలై నుంచి జనవరి దాకా పదిహేను రోజులకోసారి పోయించి, ఈనిన తేదీలు రాయించండి. ఆ పట్టికను రైతు సేవా కేంద్రాల గోడల మీద, విత్తన సంచుల మీద వేయించండి. 2021 నవంబరు నాటి వరద లాంటిది వస్తే ఏ పట్టికా కాపాడదు, ఆ సంగతి మాకు తెలుసు. ఏటా పట్టే ముసురును మాత్రం చాలావరకు తప్పించుకోగలం.

కొత్త పట్టిక తయారయ్యేలోపు, శాఖ దగ్గరున్న పాత లెక్కలనైనా వచ్చే నారుమళ్లకు ముందే తెలుగులో ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఏర్పేడు మండల వరి రైతు