నీ హెలికాప్టర్‌కి రంగు నువ్వే వెయ్యాలి

ఒంగోలు

అమ్మడూ,

సగంలో వదిలేసి వెళ్లిన ‘పేవ్ లో’ (Pave Low) అనే అమెరికా సైనిక హెలికాప్టర్ బొమ్మని అతికించి రంగేసి పెట్టమన్నావు. నేను వెయ్యను తల్లీ, అది నీ చేత్తోనే పూర్తవ్వాలి. ఎట్టా చెయ్యాలో మాత్రం చెబుతా.

చీమకుర్తి లారీలకు కొట్టే రంగు దీనికి పనికిరాదు. మన షెడ్డులో రంగు పల్చన చెయ్యడానికి వాడే ఎన్‌సీ తిన్నర్ ఇనుముని ఏమీ చెయ్యదు గానీ, కిట్టులో ఉండే పాలీస్టైరీన్ ప్లాస్టిక్కుని తినేస్తుంది. నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగే కావాలి. పైగా నీది అసలుదానిలో 72లో ఒక వంతు సైజు బొమ్మ. దానిమీద మిల్లీమీటరులో పదో వంతు మందం రంగు పడితే, అసలు హెలికాప్టర్ మీద ఏడు మిల్లీమీటర్ల పూత పూసినట్టే. రేకుల అతుకులు, సన్న గీతలు అన్నీ పూడిపోతాయి. అందుకని పల్చగా వెయ్యి, ఒకటి ఆరాకే ఇంకోటి. ముదురు బూడిద రంగు చిన్న బొమ్మ మీద నల్లగా కొడుతుంది, కాస్త లేత బూడిద కలుపుకో.

అన్నిటికంటే ముఖ్యం బాడీ రెండు సగాలు కలిసే చోటు. పుట్టీ పెట్టి, తడుపుతూ వాటర్ పేపర్ రుద్ది, కళ్లు మూసుకుని వేలితో తడుము. కంటికి ఆనని గాడి వేలికి తగులుతుంది. అక్కడ ఒక రోజు ఎక్కువ పట్టినా పట్టనీ, అతుకు సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి రంగేసినా దండగే. కిటికీల దగ్గరికి ఫెవిక్విక్ రానివ్వకు, దాని ఆవిరికే అద్దాలు తెల్లబడతాయి. ఫెవికాల్ చాలు.

ఆరు రెక్కల ఫ్యాను అసలుదానికి ఈ కొస నుంచి ఆ కొసకి 72 అడుగులు, నీదానికి ఒక్క అడుగు. నేలమీద ఆగి ఉన్నప్పుడు అంత పొడుగు రెక్కలు వాటి బరువుకే కిందికి వాలతాయి. కిట్టులో తిన్నగా ఇచ్చారు, వేడినీళ్లలో ముంచి నిదానంగా వంచు.

తుపాకులున్న బండి మీద దీనికెందుకంత ఇష్టం అని మీ అమ్మ బెంగ. 1991 జనవరి 17 తెల్లవారక ముందే, ఇరాక్ ఎడారిలో ఇవే ముందు నడిచి అపాచీ అనే దాడి హెలికాప్టర్లకు రాడార్ స్థావరాల దారి చూపించాయని చెప్పా. వీటిలో చాలావాటిని వియత్నాం కాలపు రక్షణ హెలికాప్టర్లనే మార్చి తయారు చేశారనీ, 2008 సెప్టెంబరులో అమెరికా వైమానిక దళం పక్కన పెట్టేదాకా ఎగిరాయనీ చెప్పా. శ్రద్ధగానే వింది. చీకట్లో దారి చూపే పని గొప్ప పని తల్లీ. నువ్వు దీన్ని ఎంచుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

కంప్రెసర్ మనదే ఉంది. చిన్న ఎయిర్‌బ్రష్ ఒకటి కొని ఉంచుతా. సంక్రాంతికి చెన్నై నుంచి పినాకినికే వస్తున్నావా? ఏ తేదీనో చెబితే స్టేషన్‌కి వస్తా. రంగుల పేర్లు కూడా రాసి పంపు.

నాన్న