క్యాన్సర్ ఆస్పత్రికి పడకలే కాదు, ఫైళ్లూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ ఆస్పత్రుల గురించి ఈమధ్య మీ పత్రికలో వరసగా వార్తలు చదువుతున్నాను. ఎన్ని ఎకరాలు, ఎన్ని పడకలు, ఏ దేశం మెషిను, అన్నీ ఉంటున్నాయి. ఆస్పత్రి పేరులో ‘పరిశోధన’ అనే మాట కూడా ఉంటోంది. ఆ పరిశోధన ఎవరు చేస్తారో, దేనిమీద చేస్తారో మాత్రం ఎక్కడా కనపడదు. ఒక క్యాన్సర్ ఆస్పత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి నా కన్ను ముందు అక్కడే పడుతుంది.

చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మన నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లకు బాగా తెలిసిన పేరే. నేను పనిచేసింది అక్కడ కాదు గానీ, మా విభాగంలో అందరం దాని గురించి చెప్పుకునేవాళ్లం. దాన్ని స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో చనిపోయారు. క్యాన్సర్‌కంటూ ఒక ఆస్పత్రి కట్టాలన్న పట్టుదల ముత్తులక్ష్మి గారికి అప్పటినుంచే. బొంబాయిలో 1941లో తెరిచిన టాటా మెమోరియల్ వెనకా, హైదరాబాద్‌లో 2000లో మొదలైన మన బసవతారకం వెనకా ఇలాగే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న బాధ ఉంది. అయితే ముత్తులక్ష్మి గారి వెనక టాటాల డబ్బు లేదు, సినిమా పేరూ లేదు. 1949లో మహిళా సంఘం తరఫున నిధి పెట్టి విరాళాలు అడిగారు. క్యాన్సర్ వస్తే ఎలాగూ పోతారు, దానికి ఆస్పత్రి ఎందుకన్న మాట ప్రభుత్వ పెద్దల నోటే వచ్చిందని, తర్వాత ఆ ఆస్పత్రిలోనే జీవితమంతా పనిచేసిన డాక్టర్ శాంత చెప్పేవారు.

1952 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో ఆస్పత్రి తెరిచారు. పాకల్లాంటి షెడ్లు, 12 పడకలు. ముత్తులక్ష్మి గారి కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి సర్జన్. మరుసటేడు శాంత వచ్చి చేరారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చిన సర్కారు ఉద్యోగం, అదీ ఎగ్మూరు స్త్రీల, పిల్లల ఆస్పత్రిలో, వదిలేసుకుని మరీ వచ్చారు. మొదట్లో జీతం లేదు. తర్వాత నెలకు 200 రూపాయలు, ఆవరణలోనే ఉండటానికి చోటు. 2021 జనవరిలో 93 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆవిడ ఇల్లూ ఆస్పత్రీ ఒకటే.

1957లో కెనడా నుంచి కోబాల్ట్-60 మెషిను వచ్చింది. కరెంటు పెట్టడమని మనవాళ్లు అంటారే, ఆ రేడియేషన్ చికిత్సకు అలాంటి మెషిను దేశంలో అదే మొదటిది. 1960లో పిల్లల క్యాన్సర్‌కు వేరే విభాగం పెట్టారు. 1984లో క్యాన్సర్ వైద్యంలో సూపర్ స్పెషాలిటీ చదువులకు సొంత కాలేజీ వచ్చింది. ఇవన్నీ చాలాచోట్ల రాసిందే కాబట్టి పొడిగించను.

నేను చెప్పదలచుకున్నది ఆ మెషిన్ల పక్కన జరిగిన పని గురించి. కృష్ణమూర్తి, శాంత ఇద్దరూ 1970ల్లో నోటి క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తో పాటు బ్లియోమైసిన్ అనే మందు కలిపి ఇచ్చి చూసి, ఫలితాలు వైద్య పత్రికల్లో ప్రచురించారు. మందు పనిచేసిందని చెప్పాలంటే దాన్ని తీసుకున్న మనిషి ఆ తర్వాత ఏమయ్యాడో తెలియాలి. నెలకు కాదు, ఏళ్లకు. ఉదాహరణకు వందమందికి చికిత్స చేశామనుకోండి. అయిదేళ్లకు నలభైమంది చెకప్‌కు వచ్చారు, అందరూ బాగున్నారు. మిగతా అరవైమంది? నయమైపోయి రావడం మానేశారా? చార్జీలకు డబ్బుల్లేక ఆగిపోయారా? ఎప్పుడో కన్నుమూశారా? అది తేలనంతవరకు ఆ నలభై అంకెకు విలువ లేదు.

అది తేల్చే పని ఏ ఆస్పత్రిలోనైనా మాలాంటి రికార్డుల వాళ్లది. ఫోన్లు లేని రోజుల్లో జోడు కార్డులు పంపేవాళ్లం. ఒక కార్డు వాళ్లకు, రెండోది మన అడ్రసు రాసి ఉన్న జవాబు కార్డు. ‘ఆరోగ్యం ఎలా ఉంది, తిండి తినగలుగుతున్నారా, ఎక్కడైనా గడ్డ కనపడిందా’ అని అడిగేవాళ్లం. ‘ఫలానా తేదీన కాలం చేశారు’ అని కొడుకు రాసేవాడు. కొన్నిసార్లు పోస్ట్‌మాన్ ‘ఈ పేరుగలవారు లేరు’ అని కొట్టి తిప్పి పంపేవాడు. ఎందుకు లేరంటే, అడ్మిషన్ రోజు రాయించింది పట్నంలో చుట్టాల ఇంటి అడ్రసు. అందుకే మా పాత సూపరింటెండెంటు గారు పేషెంటును కూర్చోబెట్టి సొంత ఊరు, మండలం, ఊళ్లో కిరాణా కొట్టు ఎవరిది అని కూడా అడిగి కేస్ షీటు వెనక రాసేవారు. పేరు దగ్గరా అంతే. ఒకసారి ఇంటిపేరు ముందు రాస్తారు, ఇంకోసారి వెనక రాస్తారు, ఆడవాళ్లకు పుట్టింటి పేరు ఒక చీటీలో, అత్తింటి పేరు ఇంకో చీటీలో. ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి. బయాప్సీ రిపోర్టు ఒకదాంట్లో, చికిత్స ఇంకోదాంట్లో. వాటిని పట్టి కలపడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. నేను దిగిపోయే ముందు కొత్తగా పెట్టిన దాంట్లో ఫోన్ నంబరు నింపితే గానీ ముందుకు పోనివ్వదు. ఓపీ క్యూ చూస్తే గేటు దాకా ఉంటుంది, కౌంటర్లో ఉన్నది ఒక్క కాంట్రాక్టు అబ్బాయి. నంబరు గుర్తులేదన్న ముసలమ్మతో ఎంతసేపని మాట్లాడతాడు? పది తొమ్మిదులు కొట్టేసి తర్వాతి వాళ్లను పిలిచేవాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఆ సీట్లో ముగ్గురు ఉండాలి.

ఆస్పత్రి రికార్డులకు తోడు ఊరి మొత్తానికీ లెక్క ఉంటే ఇంకా ఎంత తెలుస్తుందో కూడా అడయార్ చూపించింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జాతీయ కార్యక్రమం కింద 1982 నుంచి మద్రాసు నగరంలో క్యాన్సర్ వచ్చిన ప్రతి మనిషినీ నమోదు చేస్తున్నది వాళ్లే. అందుకోసం మిగతా ఆస్పత్రులకూ, మరణాలు నమోదు చేసే ఆఫీసులకూ మనుషులు తిరగాలి. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొదటి స్థానంలో ఉండేది. అది ఏటేటా తగ్గుతూ, రొమ్ము క్యాన్సర్ పెరుగుతూ వచ్చి దాన్ని దాటేసింది. ఈ మార్పు డాక్టర్ల ఊహ కాదు, ఏళ్ల తరబడి రాసిన పేర్లలోంచి తేలింది. స్క్రీనింగ్ ఎక్కడ పెట్టాలి, మెషిను ఏ జిల్లాకు ఇవ్వాలి అన్నవి ఇలాంటి లెక్క చేతిలో ఉంటేనే తేల్చగలం.

కాబట్టి ఒక విన్నపం. ఈసారి ఏ క్యాన్సర్ ఆస్పత్రికైనా కొబ్బరికాయ కొట్టినప్పుడు మీ విలేఖరి పడకల లెక్కతో పాటు ఇవి కూడా అడిగి రాయాలి: మెడికల్ రికార్డ్ టెక్నీషియన్ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి? అవి పర్మినెంటా, ఏజెన్సీ ద్వారానా? చెకప్‌కు రాని రోగికి ఫోన్ చేసే డ్యూటీ ఎవరిది, ఫోన్ కలవకపోతే ఊరికి వెళ్లేదెవరు? ఏడాది తిరిగాక మళ్లీ వెళ్లి, ఆ పోస్టుల్లో ఎవరైనా కూర్చున్నారో లేదో కూడా రాస్తే ఇంకా సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మెడికల్ రికార్డ్స్ ఉద్యోగిని