తారు కింది మట్టి సంగతి

సంపాదకులకు,

అయ్యా, మా నంద్యాల ప్రాంతంలో నల్లరేగడి పొలాల మధ్య వేసిన రోడ్లు రెండు వానాకాలాలు గడవకముందే అలల్లా ఎగుడుదిగుడవుతుంటే నింద తారు మీదికీ కంకర మీదికీ పోతోంది గానీ, కింది మట్టిని ఎవరూ పట్టించుకోవడం లేదు. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి జిగురయ్యే ఈ నేలకు నానినప్పుడు సీబీఆర్ విలువ (గట్టి కంకరతో పోల్చి శాతంలో చెప్పే, నేల బరువు మోసే సత్తా) తరచు 2, 3 శాతానికి మించదు. మట్టి బరువులో 3 నుంచి 6 శాతం దాకా సున్నం కలిపి, తగిన తడిలో రోలరుతో అణచి, వారం పాటు ఆరకుండా కాపాడితే, సున్నంలోని కాల్షియం బంకమట్టి ఉబ్బును తగ్గిస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి బలం పెరుగుతూనే ఉంటుంది. మట్టిలోని నీరు మంచుపొరలుగా గడ్డకట్టి రోడ్డునే పైకి లేపే చలిదేశాల్లోనూ సున్నమో సిమెంటో కలిపి నేలను గట్టిపరుస్తారు. మనకు ఆ బెడదైనా లేదు.

అయితే మా ఊరి రోడ్డు పనిలో సున్నం బస్తాలు గట్టు పక్కనే వానకు తడిసి గడ్డకట్టాయి. కలిపిన చోట కూడా ట్రాక్టరు ఒక్క చాలు తిరిగి వెళ్లిపోయింది. వేలితో గీకితే తెల్లటి ఉండలు విడిగా ఊడివచ్చాయి. అవి తాంబూలానికి కూడా పనికిరావు. పై పొరల మందంతో పాటు, కలిపిన మట్టికి వారం తర్వాత చేసిన బలపరీక్ష ఫలితాన్ని కూడా బిల్లుకు జతచేయించాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా